దేవరాపల్లి జీడిపిక్క, నైజీరియా బస్తా

చోడవరం దాటి దేవరాపల్లి వైపు వెళ్లేవారికి ముందు చెరకు తోటలు, వరి మళ్లు కనబడతాయి. తరువాత శారదా నది మీద కట్టిన రైవాడ జలాశయం వస్తుంది. విశాఖపట్నం నగరం త్రాగే నీళ్లలో కొంత ఇక్కడివే. జలాశయానికి ఆవల అనంతగిరి వైపు లేచిన కొండవాలులకు మాత్రం ఆ నీరు ఎక్కదు. అక్కడి గిరిజన కుటుంబాలకు జీడిమామిడే ఆధారం.

చలికాలంలో పూత, మార్చి నుండి మే వరకు పిక్క. ఆ మూడు నెలల డబ్బుతోనే విత్తనాలు, పిల్లల బట్టలు, షావుకారు బాకీ అన్నీ తీరాలి. పూత మీద పొగమంచు పడినా, టీ దోమ పట్టినా ఆ ఏడు పోయినట్టే. బాగా కాసిన ఏడు కూడా, ఇంటిల్లిపాదీ ఏరి ఎండబెట్టి సంతకు దింపితే, కాటా దగ్గర ఒక మాట వినబడుతుంది. "ఆఫ్రికా పిక్క దిగిందట అయ్యగారూ, రేటు పడిపోనాది" అన్నాడొక పెద్దాయన. ఆయన ఆఫ్రికాను చూడలేదు, నేనూ చూడలేదు. అయినా మన ఇంటి ఆదాయాన్ని తగ్గించే ఆ పిక్క ఎక్కడిదో, ఎలా వస్తుందో మన కుటుంబాలు తెలిసికొనవలసిన సంగతే.

నిజానికి జీడి మనదీ కాదు, వారిదీ కాదు. పోర్చుగీసువారు దాన్ని బ్రెజిల్ నుండి తెచ్చి 16వ శతాబ్దంలో మన పడమటి తీరాన నాటారు. ఆఫ్రికా తీరానికి చేర్చినదీ వారే. పప్పు కోసం కాదు, నేల కోసుకుపోకుండా ఆపడానికి ఈ చెట్టును చాలాచోట్ల వేశారు. ఇవాళ పశ్చిమ ఆఫ్రికాలో జీడి అత్యధికంగా పండించేది ఐవరీ కోస్టు. జనసంఖ్యలో ఆ ప్రాంతానికంతటికీ పెద్దది నైజీరియా, 20 కోట్లకు మించిన జనం. అక్కడ కోగి, ఓయో, క్వారా, ఎనుగు రాష్ట్రాలలో జీడి తోటలున్నాయి. కోతకాలం కూడా దాదాపు మనదే.

మన దేశంలో పండే పిక్క మన ఫ్యాక్టరీలకు చాలదు. అందుచేత పరదేశపు పిక్క కావాలి. పలాస, కాశీబుగ్గలలో పిక్క కొట్టి పప్పు తీసే బట్టీలు వందల సంఖ్యలో ఉన్నాయి. ఉద్దానం పిక్క అయిపోయాక కూడా అవి నడవాలంటే, అందులో పనిచేసే స్త్రీలకు కూలి దొరకాలంటే, ఓడలో వచ్చిన పిక్క అవసరమే. రైతు మాత్రం దానిపై సుంకం పెంచమంటాడు. ముడి పిక్కపై దిగుమతి సుంకాన్ని 2016లో 5 శాతం చేసి, 2018లో 2.5కు తగ్గించారు. 2023లో ఉద్దానం రైతులు 80 కిలోల బస్తాకు 16,000 రూపాయలు ఇవ్వాలని ఆందోళన చేశారు. ఇద్దరి మాటా న్యాయమే. అందుకే ఈ తగవు తెగదు.

ఆ 80 కిలోల లెక్కను చూడండి. నైజీరియా పిక్కను ప్రపంచమంతటా బేరమాడేది కూడా 80 కిలోల బస్తా మీదనే. బస్తాలో ఎన్ని పౌన్ల మంచి పప్పు వస్తుందో దాన్నిబట్టి ధర. 48 పౌన్లు వచ్చే పిక్క వేరు, 44 వచ్చేది వేరు. తేమ ఎక్కువైతే దారిలోనే బూజు పడుతుంది. లాగోస్ రేవులో కంటెయినర్లు రోజుల తరబడి నిలిచిపోవడం ఆ వ్యాపారంలో పేరుపడ్డ బాధ. 2023లో లెక్కి వద్ద కొత్త లోతు రేవు పని మొదలుపెట్టింది.

ఆ దేశపు నాణెం నైరా. 2023 జూన్ వరకు డాలరుకు సుమారు 460 నైరాలు. ప్రభుత్వం మారకపు కట్టడి సడలించాక 2024లో అది 1,500 దాటింది. అక్కడి రైతు చేతికి నోట్లు ఎక్కువ వచ్చినట్టు కనబడుతుంది గాని, బియ్యం ధర, ఎరువు ధర కూడా పెరిగిపోయాయి. కొనేవాడు డాలర్లు పట్టుకుని కూర్చుంటాడు.

బియ్యం సంగతి కూడా చెప్పాలి. మన కాకినాడ రేవు నుండి పశ్చిమ ఆఫ్రికాకు ఎంతో కాలంగా బియ్యం వెళ్తున్నది. 2015లో నైజీరియా కేంద్ర బ్యాంకు బియ్యం దిగుమతికి డాలర్లు ఇవ్వడం మానుకున్నది. 2019 ఆగస్టులో పొరుగు దేశాల సరిహద్దులు మూసి, 2020 డిసెంబరులో గాని తెరవలేదు. మన ప్రభుత్వమూ 2023 జూలైలో తెల్ల బియ్యం ఎగుమతి ఆపి, 2024 సెప్టెంబరులో వదిలింది. ఈ ఆజ్ఞలు వెలువడేది ఢిల్లీలోనో అబూజాలోనో, లెక్క తప్పేది మిల్లు వాకిట ధాన్యం బండి నిలిపినవానికి.

ఇదంతా విని మన యౌవనస్థులలో ఎవరికైనా ఈ వ్యాపారం మీద ఆశ పుడితే మంచిదే. ముందు కేంద్ర ప్రభుత్వపు ఎగుమతి దిగుమతి కోడ్ నంబరు తీసుకోవాలి. బ్యాంకు పూచీ పత్రం మీద, సరుకు పరీక్ష చేయించిన తరువాతే డబ్బు కదలాలి. "ముందుగా కొంత పంపు" అన్న ఉత్తరం వస్తే పొలం కుదువ పెట్టకండి. అలాంటి మోసానికి నైజీరియా శిక్షాస్మృతిలోని 419వ సెక్షన్ నంబరే పేరుగా స్థిరపడింది. మోసపోయినవారిలో ఆ దేశపువారూ చాలామంది ఉన్నారు. కాబట్టి దానితో ఒక జాతి మొత్తాన్ని కొలవడం తగదు.

కోగిలో చెట్టు కింద పిక్క ఏరే తల్లి, దేవరాపల్లి కొండమీద ఏరే తల్లి ఒకరికొకరు పోటీ అని మనకు చెబుతారు. చూడబోతే ఇద్దరూ పిక్కను పచ్చిగానే అమ్ముకుంటున్నారు. నైజీరియా పంటలో ఎక్కువ భాగం కొట్టకుండానే ఓడెక్కి వియత్నాంకో మన దేశానికో పోతుంది. మన కొండపిక్కా కొట్టకుండానే లారీ ఎక్కుతుంది. పౌనుకు 320 గింజలు తూగే పప్పని, 240 తూగే పప్పని వేరుచేసి ధర కట్టే చోటికి ఇద్దరిలో ఎవరూ చేరరు.

బట్టీ పెట్టడం అందరికీ సాధ్యం కాదు. లారీవాడు చేసే పరీక్షను మాత్రం మనమూ చేసుకోవచ్చు. బస్తాలో అన్నివైపుల నుండి తీసిన కిలో పిక్కలను చేతికి జీడి అంటకుండా కోసి, మంచి పప్పును పొరతో సహా తూచాలి. వచ్చిన గ్రాములను 80తో గుణించి 453.6తో భాగిస్తే బస్తాకు పౌన్లు వస్తాయి. 272 గ్రాములు తూగితే 48 పౌన్లు. ఎనిమిదో తరగతి పిల్లవాడు వేయగల లెక్క, కాటా ఎక్కించకముందే వేయవచ్చు.