పేరు ఒకటే, పని వేరు

ఒకే పేరు గల ఇద్దరు మనుషులు ఒకే బరువు మోయగలరని చెప్పలేము. కంప్యూటరు ప్రాసెసర్ల సంగతియు అంతే. 2023లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన రెంటిని చూడండి. డెస్క్‌టాపులో అమర్చే కోర్ ఐ7-13700లో 16 కోర్లు ఉన్నవి. పలుచని లాప్‌టాపులకై చేసిన కోర్ ఐ7-1355యులో 10 మాత్రమే. రెంటికీ ఐ7 అన్న బిరుదే!

గరిష్ఠ వేగంలో మాత్రం భేదం స్వల్పము. మొదటిది 5.2, రెండవది 5.0 గిగాహెర్ట్‌జ్‌లు. కనుకనే వ్యాసము టైపు చేయునప్పుడు తేడా అంతగా కానరాదు. దీర్ఘమైన పని తగిలినప్పుడే నిజము బయటపడును. నిలకడగా పనిచేయుటకు మొదటిదానికి నిర్దేశించిన విద్యుత్తు 65 వాట్లు, రెండవదానికి 15. వాడిన విద్యుత్తు దాదాపు అంతయు వేడిగా మారును. పలుచని పెట్టెలో ఆ వేడి త్వరగా వెలుపలికి పోలేదు. అందుచేత ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును.

మా ఇంట ఒక్క యంత్రము కొనుటకే స్తోమత కలదు. నా వీడియో కూర్పునకు డెస్క్‌టాపు మేలు. కాని చెల్లెలు హాస్టలులో ఉండి చదువుకొనుచున్నది. నా బల్ల వద్దకు ఆమె రాలేదు, కళాశాల ప్రయోగశాలకు నేను పోగలను. అందుకే లాప్‌టాపునకే ఒప్పుకొంటిని.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఇది: ప్రయోగశాలకు డెస్క్‌టాపులనే కొనండి. బిరుదును గాక పూర్తి సంఖ్యను చూచి కొనండి. తరగతులు ముగిసిన పిదప రెండు గంటలు తలుపులు తెరచి ఉంచండి. ఒక్క యంత్రముతో సరిపెట్టుకొను ఇల్లు మాది ఒక్కటే కాదు.