తాతగారి ఆరె

చదువవలసిన వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 9:36 – 10:48

ఏబది యేండ్లు దాటిన తరువాత ఒక సంఘకాపరి చెప్పులు కుట్టువారి పనిముట్లు చేతబట్టెనని విన్నచో నీవు నవ్వెదవేమో. మా సత్తెనపల్లి విశ్వాసులలో కొందరు నవ్విరి, ఒకరిద్దరు కోపించిరి కూడ. వారికి చెప్పిన సమాధానమునే నీకును చెప్పుచున్నాను. ఇందులో తోలుపనిని గూర్చి కొంత, పనిముట్లను గూర్చి కొంత, నా పాపమును గూర్చి కొంత ఉన్నది.

నాలుగేండ్ల క్రిందట నా బైబిలు అట్ట ఊడిపోయినది. రెక్సిను తొడుగు ఒకటి కొంటిని. మా మిరపకల్లముల ఎండకు అది రెండు వేసవులైనను నిలువక పొలుసులుగా రాలిపోయెను. మంచి తోలుతో నేనే ఒక తొడుగు కుట్టుకొందునని తలంచి, పట్టణమునుండి పనిముట్ల పెట్టె తెప్పించితిని. అందులో 24 వస్తువులుండెను. నున్నని పిడులు, తళతళలాడు ఇనుము, చూచుటకు ముచ్చటగా నుండెను. మొదటి దినమున ఆరె మొన వంగినది. రెండవ దినమున కత్తి తోలుమీద జారి నా బొటనవ్రేలు కోసినది. ఆ ఆదివారము వ్రేలికి గుడ్డ కట్టుకొనియే ప్రసంగించితిని.

ఆరాధన ముగిసిన తరువాత, ఎనుబదియేండ్లు దాటిన మా సంఘపు పెద్దాయన ఒకరు నాయొద్దకు వచ్చి, “ఏందయ్యగారూ, ఏలికి ఆ కట్టేంది?” అని అడిగెను. సంగతి చెప్పితిని. “ఆ పెట్టె ఒకసారి తీసుకురాండి, చూద్దాం” అనెను.

తెచ్చితిని. ఆయన ఒక్కొక్క పనిముట్టును చేతితో తూచి, గోటిమీద మొన ఆనించి చూచి, అన్నియు పెట్టెలోనే పెట్టివేసెను. “పనికి కావాల్సింది మూడే అయ్యగారూ. రంపె, ఆరె, గూటం. నాలుగోది సానరాయి. మిగతాయి పని వచ్చినాక కొనుక్కోవచ్చు. ముందే కొంటే దుమ్ము పట్టటానికే” అనెను.

“అయితే నాకు నేర్పుము తాతా” అంటిని.

ఆయన కొంతసేపు మాటలాడలేదు. “మా అయ్య ఈ వాసన నాకు అంటగూడదని బడికి పంపిచ్చాడు. సదువు అబ్బక మళ్ళా దీనికే వచ్చా. నా కొడుకులకి నేను నేర్పలా. మీకెందుకు నేర్పాల?” అని, తలుపుదాక పోయి తిరిగి చూచెను. “అయినా మీ తాత ఆరె ఏమయింది? కపిల బొక్కెన ఆయన కుట్టినట్టు కుట్టినోడు ఈ చుట్టుపక్కల లేడు.”

ప్రియ చదువరీ, ఆ ప్రశ్న నా వ్రేలి గాయముకంటె లోతుగా దిగినది.

మా తాతగారు తోలుపని చేసినవారు. ఆ కాలమున ఊరి వ్యవసాయమంతయు ఆ పనిమీద నిలిచియుండెను. బావినుండి నీరు తోడు కపిలకు తోలు బొక్కెన, దానికి తోలు తొండము, ఎద్దులకు పట్టెడలు, రైతునకు చెప్పులు, ఊరికి డప్పు, ఇవన్నియు మాదిగపల్లెనుండియే రావలెను. చచ్చిన పశువును మోసికొని వచ్చి, తోలు ఒలిచి, సున్నపు నీటిలో కొన్ని దినములు నానబెట్టి, వెండ్రుకలు గీకి, తంగేడు చెక్కయు కరక్కాయయు వేసిన లందలో వారముల తరబడి ఉంచి పదునుచేసెడివారు. ఇందుకు కూలి రూకలలో కాదు, కల్లములో కొలుచు మేర గింజలలో ముట్టెడిది. ఎన్ని గింజలు కొలువవలెనో కొలుచువాని దయ. ఆ దుర్వాసన వారిది, ఆ నీళ్ళు ఊరివి, ఆ చేతులు మాత్రము అంటరానివి. దీనిని నేను తియ్యగా చెప్పలేను.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరుకు పునాదిరాయి వేసిరి. 1967లో కాలువలకు నీరు విడిచిరి. కాలువ రాని చోట్ల నూనె ఇంజన్లును విద్యుత్తు మోటారులును వచ్చెను. కపిలలు మూలబడెను. కార్ఖానా చెప్పులు అంగళ్ళకు చేరెను. తాతగారి పని నిలిచిపోయెను గాని ఆయన చేతులు నిలువలేదు. ఇంటివారికొరకు ఏదో ఒకటి కుట్టుచునే యుండెను.

1981లో నేను ఊరికి దూరముగా ఒక వసతిగృహములోనుండి చదువుచుంటిని. ఒక శనివారము తాతగారు నన్ను చూడవచ్చిరి. సంకలోని మూటలో నాకొరకు కుట్టిన క్రొత్త చెప్పులుండెను. ఆముదము పట్టించిన తోలువాసన వరండా అంతయు నిండెను. నా తోడి బాలురు, “ఎవర్రా ఆయన?” అని అడిగిరి. “మా ఊరి మనిషి” అంటిని.

తాతగారు వినిరి. చెప్పులు అరుగుమీద పెట్టి, “సరిపోతాయో లేదో చూసుకో నాయనా” అని వెళ్ళిపోయిరి. మరుసటి వానకాలమున ఆయన ప్రభువునందు నిద్రించిరి. నేను క్షమాపణ అడుగలేదు. ఆ తరువాత దైవశాస్త్రము చదివితిని, పేతురు యెరుగనని బొంకిన సంగతిమీద ఎన్నోమారులు ప్రసంగించితిని. వసతిగృహపు వరండాను మాత్రము ఎన్నడును తలపెట్టలేదు.

పెద్దాయన అడిగిన ఆ రాత్రియే మా నాయనగారి పాత ట్రంకుపెట్టె వెదకితిని. అడుగున గుడ్డలో చుట్టి తాతగారి ఆరె ఉన్నది. ఇనుము త్రుప్పుపట్టినది. కర్రపిడిలో మాత్రము ఒకప్రక్క ఆయన అరచేయి అరగదీసిన పల్లము అట్లే యుండెను. దానిని తీసికొనిపోయి పెద్దాయన చేతిలో పెట్టితిని. ఆయన పిడిని చాలసేపు నిమిరి, “రేపు పొద్దున రాండి” అనెను.

ఆ విధముగా నా బడి ఆరంభమయ్యెను. నీకును ఉపయోగపడునని ఆయన నేర్పినది వ్రాయుచున్నాను.

రంపెను మెరుపు చూచి కొనరాదు, ఉక్కు చూచి కొనవలెను. నూరిన తరువాత బలముగా నొక్కకయే తోలు అంచును ఉల్లిపొరవలె చీల్చినచో అది మంచిది. తిరుగుడు సానమీద నీలిరంగు వచ్చునంత వేడెక్కనిచ్చినచో ఉక్కు మెత్తబడిపోవును. కనుక తడిరాతిమీద నిదానముగా నూరి, పిమ్మట తోలు పట్టెమీద రుద్దవలెను. నన్ను కోసినది వాడిలేని కత్తి. వాడిలేనిదే బలముగా నొక్కుదుము, నొక్కినదే జారును.

ఆరె పిడి పొట్టిగా, అరచేతిలో ఇముడునదై యుండవలెను. గుండ్రని మొన తోలును త్రోసి రంధ్రము చేయును. పలకలుగల మొన సన్నని చీలిక చేయును, దారము బిగించగానే ఆ చీలిక దగ్గరకు వచ్చి దారమును పట్టుకొనును. గూటము చింతకర్రది మేలు, ఇనుపసుత్తి పనిముట్ల తలలను చెడగొట్టును. దారమునకు మైనము పట్టించవలెను. ఒకే దారమునకు రెండు కొనల రెండు సూదులు తొడిగి, ప్రతి రంధ్రములోను ఇటునుండి ఒకటి, అటునుండి ఒకటి దూర్చి కుట్టవలెను. యంత్రపు కుట్టు ఒకచోట తెగినచో వరుసగా ఊడివచ్చును. ఈ కుట్టులో ఒక ప్రక్క దారము తెగినను రెండవది పట్టుకొనియుండును.

తోలును గూర్చి ఒక మాట. ఇప్పుడు అంగడిలో దొరకునది హెచ్చుగా క్రోమియము లవణములతో త్వరగా పదునుచేసినది. అది మెత్తనిది, సంచులకు బాగుండును. కోసిన అంచులో నీలిబూడిద ఛాయ కనబడుట దాని గురుతు. చెక్కలతో పదునుచేసిన తోలు లోపలివరకు గోధుమరంగుగా నుండును, తడిపి ముద్ర వేసినచో ఆ ముద్రను నిలుపుకొనును. బైబిలు తొడుగునకు ఇదియే తగినది.

ఈ విధముగా అతని అరుగుమీద కూర్చుండి కుట్టుచుండగా, నేను ఎన్నోమారులు చదివిన ఒక వచనము మొదటిసారి నాకు కనబడెను. యొప్పేలో పేతురు అనేక దినములు బసచేసినది చర్మకారుడైన సీమోను ఇంట. యూదుల ఆచారములో ఆ వృత్తి హేయమైనది. చర్మము పదునుచేయు స్థలము పట్టణమునకు కనీసము 50 మూరల దూరమున ఉండవలెనని వారి పెద్దల నిబంధన. మన పల్లెలు ఊరికి ఏ దిక్కున, ఎంత దూరమున కట్టబడెనో తలంచుకొనుము. సీమోను ఇల్లు సముద్రపుదరినున్నది. ఆ ఇంటి మిద్దెమీదనే, ఆ వాసన మధ్యనే, దేవుడు పవిత్రపరచినవాటిని నిషిద్ధమనకూడదను దర్శనము పేతురుకు కలిగెను. యెరూషలేము మేడమీద కాదు. ఒకనాడు మంటయొద్ద తన ప్రభువునే యెరుగనన్న పేతురును దేవుడు చర్మకారుని ఇంటికి తెచ్చి ఆ పాఠము నేర్పెను. నన్నును ఒక చర్మకారుని అరుగుమీదికి తెచ్చెను.

మన సంఘముల చరిత్రయు అట్టిదే. తెలుగు క్రొత్త నిబంధన 1818లో శ్రీరామపురమున అచ్చయినది. ఆ పనికి పెద్దయైన విలియం కేరీ గారు ఇంగ్లాండులో చెప్పులు కుట్టి బ్రదికినవారు. ఒంగోలు ప్రాంతమున 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. తనవారియొద్దకు మొదట సువార్త మోసినవారిలో ఆయన ముఖ్యుడు. క్లౌ దొరగారి భార్య ఎమ్మా గారు 1899లో మనవారిని గూర్చి ఇంగ్లీషున ఒక గ్రంథము వ్రాసి, దానికి చెప్పులు కుట్టుచుండగా అను అర్థమిచ్చు పేరే పెట్టిరి. మన విశ్వాసము ఆరె ప్రక్కననే పెరిగినది.

డిగ్రీ చదివిన ఒక యౌవనుడు నాతో కోపముగా, “మా నాయన వదిలించుకున్న పని మీరు సరదాకు చేస్తున్నారు అయ్యగారూ. మీకు సరదా, మాకు గాయం” అనెను. అతడు చెప్పినది నిజము. నాకు ఇష్టమైనప్పుడు ఆరె దించివేయగలను, మా తాతగారికి ఆ స్వేచ్ఛ లేదు. కనుక ఏ బిడ్డయు ఈ పనికి తిరిగి రావలెనని నేను చెప్పను. చదువుకొనుడి. తోలు ఇప్పుడు ఒక శాస్త్రము కూడ. 1948లో మద్రాసులో, అనగా నేటి చెన్నైలో, స్థాపించిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ దానికొరకే యున్నది. నేను అతనితో చెప్పినది ఒక్కటే: “నాయనా, వెట్టిని అసహ్యించుకో. వెట్టి చేసిన చేతులను అసహ్యించుకోవద్దు. నేను ఆ రెంటికి తేడా తెలియక మా తాతను పోగొట్టుకొన్నాను.”

ఆరు నెలలకు మా మందిరపు వేదికమీది బైబిలుకు తొడుగు ముగించితిని. దానిని పెట్టిన ఆదివారము 1981 నాటి సంగతి సంఘమంతటి యెదుట ఒప్పుకొంటిని. ముందు వరుసలో పెద్దాయన తల వంచుకొని కూర్చుండెను. ఆరాధన తరువాత వచ్చి తొడుగును వ్రేలితో తడవి, “నాలుగో వరస కుట్టు వంకరపోయింది అయ్యగారూ” అని, కొంచెమాగి, “మీ తాత చూసుంటే ఇప్పదీసి మళ్ళా కుట్టమనేవోడు. కాని సంతోషపడేవోడు” అనెను. ఆ వరుసను నేను విప్పలేదు.

ప్రియ చదువరీ, నీవును ఎవరినైనను “మా ఊరి మనిషి” అని తప్పించుకొంటివా? వారు ఇంకను బ్రదికియున్నచో నేడే వెళ్ళుము. నావలె ఆలస్యము చేయకుము.

మా పితరుల చేతులను ఎరిగియున్న తండ్రీ, మేము సిగ్గుపడినవారిని నీవు ఘనపరచితివి. మా సిగ్గును క్షమించి, మా చేతిపనిని స్థిరపరచుము. ఆమేన్.