నా చెవికి నచ్చిన యంత్రము

సోదరీమణులారా! చీర కొనునప్పుడు మనము అంచు చూతుము, నేత చూతుము, మడత విప్పి భుజముపై వేసికొని చూతుము. బియ్యము కొనునప్పుడు నోట నొక గింజ వేసికొని కొరికి చూతుము. కాని ఇంటికి పాటలు వినిపించు యంత్రము కొనవలసివచ్చినచో, "అది మగవారి వ్యవహారము, మనకేమి తెలియును?" అని తప్పుకొందుము. నేనును చాలకాలము అట్లే తప్పుకొంటిని.

మా అమ్మ గతించి 11 సంవత్సరములైనది. 1986వ సంవత్సరమున, నాకు కుమారుడు పుట్టినప్పుడు, ఆమె పాడిన జోలపాటలను మా తమ్ముడు క్యాసెట్టులో రికార్డు చేసి యుంచెను. ఆమెది సన్నని గొంతు. పాట నడుమ ఉయ్యాల గొలుసుల కిర్రు కూడ వినబడును. టేపు చెడకముందే ఆ పాటలను ఫోనులోనికి ఎక్కించుకొంటిమి గాని, అందులో ఆ గొంతు రేకుడబ్బాలో పలికినట్లుండెను. ఇంట పాత స్పీకర్లు రెండు కలవు. వానికి ధ్వనిని బలపరచి యందించు ఆంప్లిఫయరు మాత్రము కావలసియుండెను.

మావాడు నూరు వాట్ల యంత్రమొకటి తెచ్చి, "అమ్మా, వీధి చివరకు వినబడును!" అని సంబరపడెను.

"వీధి చివర మీ అమ్మమ్మ పాట ఎవరికి కావలెను, నాయనా?" అంటిని.

నాకు కావలసినది రాత్రి, ఇల్లు మాటుమణిగిన పిదప, మనుమరాలిని నిద్రపుచ్చుటకు. ఆ వేళ ధ్వని హెచ్చించు మరను వెండ్రుకవాసి త్రిప్పగా ఎడమ స్పీకరు మాత్రమే పలికెను. ఇంకొంచెము త్రిప్పగా రెండును పలికెను గాని, జోలపాట విని పసిది ఉలికిపడి లేచెను!

అప్పుడు నేనే విషయము తెలిసికొన నారంభించితిని. వాట్లు రెట్టింపైనను ధ్వని 3 డెసిబెల్లులే పెరుగును. చెవికి ధ్వని రెట్టింపైనట్లు తోచుటకు వాట్లు ఇంచుమించు 10 రెట్లు కావలెను. మా స్పీకరు ఒక్క వాటుతోనే మీటరు దూరమున 87 డెసిబెల్లుల ధ్వని నిచ్చును. చిన్నగదిలో మెల్లగా వినువారికి ఒక వాటులో కొంతభాగమే చాలును! మరియు, పెద్దగా హెచ్చించు యంత్రములో మెల్లని ధ్వని యంతయు మర మొదటనే యిరుకుకొని యుండును. అనేక యంత్రములలో అచ్చటనే ఎడమ కుడులకు పొత్తు కుదరదు. నా కష్టమునకు కారణమదియే.

రెండవమారు దుకాణమునకు నేనే పోతిని. ఫోనులో అమ్మ పాటను, ఈమని శంకరశాస్త్రిగారి వీణను తీసికొనిపోతిని. అమ్మువాడు ఒకదానిని బిగ్గరగా, ఒకదానిని మెల్లగా వినిపింపబోగా, "రెండును సమముగా నుంచుము" అంటిని. ఏలయన, కొంచెము బిగ్గరగా పలికినదే మేలైనదని చెవి భ్రమపడును. మెల్లగా వినునప్పుడు మంద్రస్వరములు మన చెవికి మరింత క్షీణించి తోచును. అందుచేత వానిని కొద్దిగా పెంచుకొను మర యున్న దానిని, పాట ఆపినపుడు బుస వినబడని దానిని ఎంచుకొంటిని. స్పీకరు వెనుక వ్రాసియున్న 8 ఓముల అంకెకు అది సరిపడునని చూచుకొంటిని. వాల్వుల యంత్రము గాజుబుడ్లతో ముచ్చటగా నుండెను గాని, అవి కాలును. పసిపిల్ల తిరుగాడు ఇంట అది నాకు తగదు. నేను కొన్నది డి తరగతిది, 20 వాట్లది. అరచేతి వెడల్పున నున్నది, అంతగా వేడెక్కదు.

పెద్ద యంత్రమును మావాడు తన గదిలో వేరు స్పీకర్లకు తగిలించుకొనెను. వాని పాటలకు వానికి దరువు కావలెను. వాని చెవి వానిది.

ఆ రాత్రి అమ్మ గొంతు గదిలో మెల్లగా పలికెను. గొలుసుల కిర్రు కూడ వినబడెను. పసిది నిద్రించెను. గుమ్మము కడ నిలిచిన మావాడు, "ఇది నాకు పాడినదేనా, అమ్మా?" అని యడిగి, పాట ముగియువరకు అచ్చటనే కూర్చుండెను.

సోదరీమణులారా! అంకెలను చదువుడు, ఇతరుల సలహాను వినుడు. కాని మీ పాటను మీరే తీసికొనిపోయి, మీ చెవితోనే విని యెంచుకొనుడు.