కోనసీమ దారిలో కాగితపు కవచం

గోదావరి స్టేషన్‌లో రైలు దిగేసరికి ఇంకా మంచు విడలేదు. మార్గశిర మాసం. రేవు వైపు నుంచి వచ్చే గాలి చెవులు పట్టుకు లాగుతోంది. మా మేనల్లుడు ప్లాట్‌ఫారం మీద ఓ పెద్ద అట్టపెట్టె చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంట్రా అది? టీవీ కొన్నారా?"

"కాదు మావయ్యా, కవచం."

"ఎవరిది?"

"కర్ణుడిది. అంటే నాదే."

సంగతేమిటంటే, ఆత్రేయపురం అవతల వాళ్ళ ఊళ్ళో సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థానికి నాటకం వేస్తారు. ఈ ఏడు కుర్రాళ్ళు పట్టుబట్టి కర్ణుడు కవచ కుండలాలు దానం చేసే ఘట్టం తీసుకున్నారు. మావాడు రాజమండ్రిలో ఇంజనీరింగు చదువుతున్నాడు. మనిషి పొడగరి, గొంతు ఉంది, పద్యం మీద ప్రేమ ఉంది. వేషం వాడికే వచ్చింది. అద్దెకు తెచ్చే జిగినీ కోటు మాత్రం వీళ్ళకు నచ్చలేదు. 2015లో 'బాహుబలి' చూసి పెరిగిన పిల్లలు మరి! అసలైన కవచంలా కనబడాలి, డబ్బు ఖర్చు కాకూడదు. అందుకని కాగితంతో చేశాడు.

కాగితమంటే నవ్వకండి. రాజమండ్రి కాగితం ఊరు. పెద్ద మిల్లే ఉంది. నాటకాల ఊరు కూడా. చిలకమర్తి వారి 'గయోపాఖ్యానం' ఇక్కడి రంగస్థలం మీదే పేరు తెచ్చుకుంది. ఆంధ్రదేశంలో మొట్టమొదటి సినిమా స్టూడియో, నిడమర్తి సూరయ్య గారి దుర్గా సినీటోన్, 1936లో వెలసింది ఈ ఊళ్ళోనే. వాళ్ళు తీసినది 'సంపూర్ణ రామాయణం'. రాముడికీ రావణుడికీ కిరీటాలూ భుజకీర్తులూ లేకుండా ఆ బొమ్మ నడిచేదా? అక్కడ కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లోంచే ఎస్.వి.రంగారావు, అంజలీదేవి, రేలంగి వంటి వారు సినిమాల్లోకి నడిచివెళ్ళారు. ఈ నీళ్ళలో వేషం కట్టే సరదా ఎప్పటినించో ఉంది.

అన్నట్టు భారతాన్ని తెలుగు చెయ్యడం నన్నయగారు మొదలెట్టింది రాజమహేంద్రవరంలోనే అయినా, ఈ కవచ దానం కథ మాత్రం ఆయన చేతిది కాదు. అరణ్యపర్వం చివర్న వస్తుంది. ఆ శేషం పూరించింది ఎఱ్ఱన. మావాడితో ఈ మాటంటే, "అయితే ఇది సీక్వెల్ అన్నమాట" అన్నాడు!

బస్సు ధవళేశ్వరం దాటి బ్యారేజి ఎక్కింది. 1847లో మొదలెట్టి 1852కి కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన చోటు ఇది. ఒక పక్క సముద్రంలాంటి నీళ్ళు, ఇంకో పక్క ఇసుక తిన్నెలు. మావాడికి ఇవేమీ పట్టలేదు. ఒళ్ళో పెట్టె పెట్టుకుని కవచం కథ చెప్పుకుపోతున్నాడు.

జపాను వాళ్ళు చేసిన 'పెపకురా డిజైనర్' అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఉందట. కవచం బొమ్మను అందులో పెడితే, దాన్ని నారింజ తొక్క ఒలిచినట్టు విప్పి, ముక్కలు ముక్కలుగా బల్లపరుపు కాగితం మీద పరుస్తుంది. ఏ గీత మీద లోపలికి మడవాలో, ఏ గీత మీద బయటికి మడవాలో వేరువేరు చుక్కల గీతలతో చూపిస్తుంది. ఒక్కో అంచుకీ ఒక్కో నంబరు. 17వ నంబరు అంచు 17వ నంబరుతోనే అంటాలి. అంటించడానికి చిన్న చిన్న చెవులు కూడా వదులుతుంది. ఆ ముక్కల్ని జిరాక్సు షాపులో 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు ఉండే మామూలు సైజు దళసరి కాగితాల మీద అచ్చు వేయించడం, అయిపోయిన బాల్‌పెన్ను రీఫిల్‌తో గీతలు ఒత్తడం, కత్తిరించడం, మడవడం, అంటించడం. నలభై కాగితాలు, పదకొండు రాత్రులు.

"కొలతో?" అన్నాను.

"టేపుతో ఛాతీ కొలిచాను. 36 అంగుళాలు. వదులుగా ఉండాలని 38 పెట్టాను."

ఆ మాట అక్కడ గుర్తుపెట్టుకోండి.

ఆత్రేయపురంలో బస్సు దిగి పూతరేకులు కొన్నాం. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన సరుకు. ఓ అరుగు మీద ఒకావిడ బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద అలా లాగుతోంది. లాగిన మరుక్షణం రేకు లేస్తోంది. ఒక్క రేకు అయితే ఊదితే ఎగిరిపోతుంది. పొర మీద పొర వేసి మడిచాక చేత్తో పట్టుకుని కొరుక్కు తినేంత గట్టిపడుతుంది. కాగితపు కవచం కిటుకంతా ఇదే కదా అనిపించింది.

ఇంటికి చేరి కాఫీలయ్యాక మావాడు కవచం తొడుక్కున్నాడు. చెప్పొద్దూ, చూడముచ్చటగా ఉంది. ఛాతీ మీద సూర్యుడు, పొట్ట మీద పొలుసులు, భుజాల మీద సింహపు తలలు. ఇంకా రంగు వెయ్యలేదు, తెల్లకాగితమే. "ఏదీ, ఓ పద్యం అందుకో" అంది మా అక్క. అందుకున్నాడు. చివరి పాదం దగ్గర రాగం తియ్యబోయాడు. సగంలో గాలి అయిపోయి దగ్గొచ్చింది. మళ్ళీ తీశాడు. ఈసారి పక్క కుట్టు 'టప్' మని విడిపోయింది. వాడి మొహం చూడాలి. షష్ఠి ఇంకా ఆరు రోజులే ఉంది.

వెనక వీధిలో ఒక తాతగారున్నారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళకు నలభై ఏళ్ళు నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చి, కిరీటాలు స్వయంగా చేసిన మనిషి. పేరు పేపర్లో వెయ్యొద్దన్నారు. ఆయన వచ్చి కవచాన్ని అటూ ఇటూ తిప్పి, గోటితో తట్టి చూశారు.

"పని బాగుందండి. కానీ ఇది బొమ్మకి చేసిన కవచం. బొమ్మ ఊపిరి పీల్చదు కదండీ" అన్నారు.

"36 ఉంటే 38 పెట్టాను తాతగారూ" అన్నాడు మావాడు.

"ఏదీ, గుండె నిండా గాలి పీల్చి, బిగబట్టు."

టేపు చుట్టారు. 39! 

"రాగం తీసే మనిషికి ఇదీ కొలత. ఊరికే నిలబడ్డప్పటి కొలత గోడకి తగిలించే ఫోటోకి పనికొస్తుంది. సినిమాలో అయితే పాట వెనకనించి వస్తుంది, పెదవి కదిపితే చాలు. ఇక్కడ నీ పాట నువ్వే పాడాలి."

ఆ తర్వాత లెక్క తేల్చారు. నిండు ఊపిరికి 39. లోపల బనీనూ, కాస్త వదులూ కలిపి 2. మొత్తం 41. ఇది లోపలి కొలత. కాగితం పొరలు వేశాక గోడ మందం పావంగుళం అవుతుంది. గుండ్రంగా చుట్టిన వస్తువుకి మందం పావంగుళం పెరిగితే చుట్టుకొలతలో తేడా అంగుళంన్నర వస్తుంది. మావాడు ఇది మరిచాడు. అంటే బయటి కొలత 42న్నర ఉండాలి.

"38ని 42న్నర చెయ్యాలంటే నూటికి 12 పెంచితే సరి" అని మావాడు కంప్యూటర్ తీశాడు.

"ఆగాగు. అంతా పెంచుతావా? పొడుగు ఎంతుంది?"

"18 అంగుళాలు. పెంచితే 20 అవుతుంది."

"కుర్చీలో కూచో. మెడ గుంట నించి తొడ దాకా నీకున్నది 18. 20 అంగుళాలది తొడుక్కుని సింహాసనం మీద కూచుంటే కింద అంచు తొడకి తగిలి, పైఅంచు గడ్డం కిందకొస్తుంది. కర్ణుడు కాస్తా తాబేలవుతాడు."

పైగా పొడుగూ వెడల్పూ రెండూ నూటికి 12 పెంచితే కాగితం, బరువు నూటికి 25 పెరుగుతాయి. కాబట్టి చుట్టుకొలతే పెరగాలి, పొడుగు అలాగే ఉండాలి. ఇదీ చిక్కు. అచ్చువేసిన కాగితాల్ని ఒక పక్కకి సాగదీస్తే కుదరదు. కాగితం మీద ముక్కలు తలోదిక్కుకి పడుకుని ఉంటాయి. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. ఒకే వైపు సాగదీస్తే ఒకదాని వెడల్పు పెరిగితే ఇంకోదాని పొడుగు పెరిగి, 17వ నంబరు అంచు 17తో కలవదు. విప్పకముందే, నిండు బొమ్మగా ఉన్నప్పుడే నడుం చుట్టూ పెంచి, ఆ తర్వాత విప్పాలి.

తాతగారు ఇదే పని కంప్యూటర్ లేకుండా చేసి చూపించారు. పాత శుభలేఖలు తెచ్చి, అసలుదాంట్లో నాలుగో వంతు ఉండే బుల్లి కవచం మడిచారు. చుట్టుకొలత 10 అంగుళాల 5 నూళ్ళు, పొడుగు నాలుగున్నర. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మన వడ్రంగుల లెక్క. ఆ బుల్లి కవచం విప్పి, అంగుళం గళ్ళు గీశారు. పెద్ద అట్ట మీద నాలుగంగుళాల గళ్ళు గీసి, ఏ గడిలో ఏ గీత ఉందో అలాగే దించారు.

"ఇది సినిమా బ్యానర్లు రాసేవాళ్ళ విద్యేగా!" అన్నాన్నేను. సినిమా హాళ్ళ ముందు నిలబెట్టిన రామారావు గారూ, నాగేశ్వర్రావు గారూ చిన్న ఫోటో మీద గీసిన గళ్ళలోంచి పెరిగినవాళ్ళే మరి.

"ఆ విద్యేనండి. చిన్నదాంట్లో తప్పు చేస్తే శుభలేఖ పోద్ది. పెద్దదాంట్లో చేస్తే నాటకం పోద్ది" అన్నారు తాతగారు.

గట్టిపరచడం దగ్గర ఇంకో తగాదా. మావాడు రెజిను పూస్తానన్నాడు. ఘాటు వాసన, మాస్కు కావాలి, ఆరుబయట చెయ్యాలి. ఇంట్లో చంటిపిల్ల ఉంది. మా అక్క ససేమిరా అంది. మైదా జిగురు ఉడికించారు. పురుగు పట్టకుండా బుక్ బైండింగు వాళ్ళు వేసినట్టు మైలుతుత్తం చిటికెడు వేసి, అది విషం గనక గిన్నె అటక మీద పెట్టారు. న్యూస్‌పేపరు పీలికలు ఒక పొర అడ్డంగా, ఒక పొర నిలువుగా. తడి జిగురు కాగితాన్ని లాగేసి వంకర తిప్పుతుంది. అందుకని లోపల కాగితపు ఉండలు కుక్కి, ఒక పొర పూర్తిగా ఆరాకే రెండో పొర. కింద అంచుకి వెదురు బద్ద. పైన మల్లుగుడ్డ ఒక చుట్టు. మార్గశిరం ఎండ పదింటికి వచ్చి నాలుగింటికి పోతుంది. రోజుకి ఒక్క పొరే ఆరింది. రాత్రి మంచుకి మెత్తబడకుండా లోపలా బయటా వార్నీషు. ఆ పైన బంగారు రంగు.

చివరి మాట కూడా తాతగారిదే. "అన్నీ బాగానే ఉన్నాయి. ఇచ్చేదెలా?"

నిజమే! కర్ణుడు దీన్ని జనం ముందు ఒంటి నించి కోసి ఇంద్రుడి చేతిలో పెట్టాలి. కథలో అది పుట్టుకతో వచ్చిన కవచం. మనిషితో పాటే పెరిగింది. ఏ దర్జీ కొలత తియ్యలేదు. మనకా వరం లేదు. ఎడమ పక్క మల్లుగుడ్డ మడతబందు, కుడి చంక కింద మూడు నాడాలు, మూడూ జారుముళ్ళు. చెక్క కత్తి మొన ఒక్కో ముడి కొస లాగితే చాలు. రెండు రోజులు దీన్నే సాధన చేశాడు మావాడు.

షష్ఠి రాత్రి. గుడి దగ్గర జీళ్ళ దుకాణాలు, రంగులరాట్నం, పందిట్లో చాపలు. మంచు చుక్కలు చుక్కలుగా కురుస్తోంది. పదకొండింటికి తెర లేచింది. కవచం దీపాల వెలుగులో ధగధగలాడింది. ముందు వరస కుర్రాళ్ళు ఈలలేశారు. నా చూపు మాత్రం వాడి పక్క కుట్టు మీదే ఉంది. పద్యం నడిచింది. చివరి పాదం వచ్చింది. రాగం ఎత్తాడు. ఛాతీ పొంగింది, కవచం కదల్లేదు. హార్మోనియం మాస్టారు తలెత్తి చూశారు. రాగం ఇంకా పోతూనే ఉంది. మా అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. 'వన్స్‌మోర్' అని వెనకనించి కేక!

దానం ఘట్టంలో మొదటి ముడి జారింది, రెండోది జారింది. మూడోది మంచుకి తడిసి బిగిసింది. కత్తి మొన లాగినా రాలేదు. వాడు కంగారు పడలేదు. కత్తి పారేసి, రెండు చేతులా అంచు పట్టుకుని, పళ్ళు బిగించి ఒక్క లాగు లాగాడు. మల్లుగుడ్డ 'పర్ర్' మని చిరిగింది. పందిరి అంతా నిశ్శబ్దం. నిజంగా చర్మం ఒలుచుకున్నట్టే ఉంది. ముందు వరసలో ఒక ముసలమ్మ "అయ్యో నాయనా!" అనేసింది.

తెర పడ్డాక వాణ్ణి పొగుడుతుంటే, తాతగారు ఆ చిరిగిన అంచు వేళ్ళతో సవరిస్తున్నారు.

"వచ్చే ఏడు నాడాకి కొంచెం మైనం రాద్దాం అబ్బాయీ. ఈ కవచం మాత్రం దాచు. దీన్ని ఎవరు తొడుక్కున్నా ముందు గాలి పీల్చమను."

తిరుగు ప్రయాణంలో మళ్ళీ అదే బ్యారేజి, అదే గోదావరి. బస్సులో నా ఒళ్ళో పూతరేకుల పెట్టె ఉంది. దాని మీద తాతగారు మడిచిన శుభలేఖ కవచం, అరచేతిలో పట్టేంతది. నాటకాలవాళ్ళ పిల్లలకి ఎవరికైనా కావాలంటే కొలతలు పైన చెప్పాను. మీ పిల్లవాడి ఛాతీ మాత్రం మీరే కొలుచుకోవాలి, నిండుగా ఊపిరి పీల్పించి!