పాములున్నాయి, నిచ్చెనలే లేవు

ఆస్ట్రేలియాలో క్రీడాపోటీల పాయింట్ల పట్టికను ‘లాడర్’ అంటారు. అంటే నిచ్చెన. పత్రికలోనైనా, రేడియోలోనైనా, పక్కింటి పిల్లవాడి నోటనైనా అదే మాట. ఫలానా జట్టు నిచ్చెనమీద మూడో మెట్టులో ఉందనీ, ఫలానాది అడుగున పడిందనీ చెప్పుకుంటారు. మెల్‌బోర్న్‌కు వచ్చిన కొత్తలో ఈ మాట నాకెంతో నచ్చింది. గవ్వలు వేసి ఆడుకున్న వైకుంఠపాళి జ్ఞాపకం వచ్చింది. ఇక్కడి సాకర్‌లో అగ్రశ్రేణి లీగుది దేనికీ ఆనించని నిచ్చెన అని తెలుసుకోవడానికి మాత్రం నాకు కొన్నేళ్ళు పట్టింది.

(ఫుట్‌బాల్ అనకుండా సాకర్ అంటున్నందుకు అభిమానులు మన్నించాలి. ఈ దేశంలో ‘ఫుట్‌బాల్’ అంటే ఒక్కో రాష్ట్రంలో ఒక్కో ఆట. ఏ ఆట గురించో చెప్పకుండా ఆ మాట వాడితే తగవులొస్తాయి.)

ఇంగ్లండులో సంగతి మీకు తెలిసిందే. ప్రీమియర్ లీగులోని ఇరవై జట్లలో అడుగున మిగిలిన మూడూ ఏటేటా కింది లీగుకు దిగిపోతాయి. అక్కడినుంచి మూడు పైకి వస్తాయి. ఆ కింద మరో అంతస్తు, దాని కింద మరొకటి. పగలు వేరే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు మైదానానికి వచ్చే సెమీ ప్రొఫెషనల్ ఆటగాళ్ళ జట్టు సైతం, వరుసగా గెలుచుకుంటూ పోతే, ఏదో ఒకనాటికి పై అంతస్తు తలుపు తట్టవచ్చు. మన ప్రభుత్వోద్యోగుల పరిభాషలో చెప్పాలంటే పదోన్నతి, పదావనతి. ఆస్ట్రేలియాలో ఏ-లీగ్ 2005లో ఎనిమిది జట్లతో మొదలైంది. నాటినుంచి నేటివరకు ఆటలో గెలిచి అందులోకి ఎక్కిన జట్టు లేదు; ఆటలో ఓడి అందులోనుంచి దిగిన జట్టూ లేదు.

ఈ తలుపు ఎవరికి మూసుకున్నదో తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి. 1977 నుంచి 2004 దాకా నేషనల్ సాకర్ లీగ్ అనే జాతీయ పోటీ ఉండేది. అందులో పేరుమోసిన క్లబ్బులలో అధికభాగం రెండో ప్రపంచయుద్ధం తరువాత ఓడలెక్కి వచ్చిన వలస కుటుంబాలు కట్టుకున్నవి. సౌత్ మెల్‌బోర్న్, సిడ్నీ ఒలింపిక్ గ్రీకులవి. మార్కోని, అపియా లైకార్ట్ ఇటలీవారివి. మెల్‌బోర్న్ నైట్స్, సిడ్నీ యునైటెడ్ క్రొయేషియావారివి. ప్రెస్టన్ మాసిడోనియావారిది. కొత్త దేశంలో నోరు తిరగని భాషతో కర్మాగారాలలో వారమంతా గడిపినవారికి ఆదివారం మైదానమే గుడి, అదే రచ్చబండ, అదే పెళ్ళిసంబంధాలు కుదిరే చోటు. మనవాళ్ళు ఇక్కడ ఉగాదికి, సంక్రాంతికి బడి హాళ్ళు అద్దెకు తీసుకుని చేరినట్టే వాళ్ళు ఆటకు చేరారు. తేడా ఏమిటంటే, వాళ్ళు అద్దెతో సరిపెట్టుకోక క్లబ్బులు కట్టారు.

ఆ క్లబ్బులు ఆషామాషీవి కావు. సౌత్ మెల్‌బోర్న్ నాలుగుసార్లు జాతీయ విజేత. 2000 జనవరిలో బ్రెజిల్‌లో జరిగిన తొలి క్లబ్ ప్రపంచపోటీలో ఓషియానియా తరఫున ఆడింది ఆ జట్టే. మరకానా మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్‌తో తలపడి రెండు గోల్స్ తేడాతో ఓడింది. శిక్షకుడు ఆంజ్ పోస్టెకోగ్లూ. ఇరవై అయిదేళ్ళ తరువాత, 2025లో, టోటెన్‌హామ్‌కు యూరోపా లీగ్ కప్పు తెచ్చిపెట్టినది ఆయనే. ఇక వొలొంగాంగ్ వుల్వ్స్ 2000 తుదిపోరులో పెర్త్ గ్లోరీపై మూడు గోల్స్ వెనుకబడి, సమం చేసి, పెనాల్టీలలో నెగ్గింది. మరుసటి ఏడూ విజేత అదే. అలాంటి క్లబ్బులు 2005 నాటికి తమ తమ రాష్ట్రాల లీగులలో తేలాయి.

కారణాలు లేకపోలేదు. పాత లీగు అప్పులలో కూరుకుపోయింది. ప్రేక్షకులు పలచబడ్డారు. గ్యాలరీలలో పాత దేశాల పగలు రగిలిన సందర్భాలున్నాయి. 2003లో క్రాఫోర్డ్ నివేదిక పాలనావ్యవస్థను సమూలంగా మార్చమన్నది. పగ్గాలు చేపట్టిన ఫ్రాంక్ లోవీ సైతం వలస వచ్చినవాడే. యూదుల క్లబ్బయిన హకోవాకు, దానినుంచి వచ్చిన సిడ్నీ సిటీకి పెద్దదిక్కుగా ఉండి, 1987లో ఒక్క ఆట ఆడించి ఆ జట్టును లీగునుంచి ఉపసంహరించినవాడు. కొత్త లీగులో ఏ జాతి ముద్రా లేని, నగరమంతటికీ చెందే జట్లు కావాలన్నారు. ప్రవేశం గెలుపుతో కాదు, అనుమతిపత్రంతో. వ్యాపారదృష్టితో చూస్తే ఆ ఆలోచనను తప్పుపట్టలేను. మెల్‌బోర్న్ విక్టరీ ఆటకు మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ జనసముద్రాన్ని చూసి నేనూ పొంగిపోయాను. అయితే ఇల్లు బాగుచేయించేటప్పుడు ఇంటివాళ్ళను వీధిలో నిలబెట్టి, తరువాత లోపలికి పిలవడం మరిచిపోతే ఏమనాలి?

నాకీ సంగతులన్నీ చెప్పినవాడు రాత్రిపూట సరకుల గిడ్డంగిలో నా పక్కన పెట్టెలు సర్దిన ఒక గ్రీకు పెద్దాయన. మా ఊళ్ళో నేను డిగ్రీ కళాశాలలో పన్నెండేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. ఇక్కడ దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా ‘స్థానిక అనుభవం’ అడిగారు. అది లేనిదే ఉద్యోగం ఇవ్వరు. ఉద్యోగం లేనిదే అది రాదు. ఒక సంస్థలో నా పట్టాలను తిరగేసి చూడకుండానే ఫైలు మూసేశారు. రెండేళ్ళు పెట్టెలు మోశాను. ఆ రోజుల్లో ఒక శనివారం ఆయన నన్ను ఆల్బర్ట్ పార్క్ పక్కనున్న లేక్‌సైడ్ మైదానానికి తీసుకెళ్ళాడు. చలి. గ్యాలరీలో ఎక్కువమంది తలనెరిసినవాళ్ళే. కాలుతున్న మాంసం వాసన, గ్రీకు తిట్లు, మధ్యమధ్య ఇంగ్లీషు తిట్లు. వాళ్ళ పాత మైదానం మిడిల్ పార్క్‌లో ఉండేదనీ, కార్ల పందేలకోసం దానిని తొంభైలలో కూలగొట్టారనీ, తన తండ్రి చేయిపట్టుకుని అక్కడికి వెళ్ళేవాడిననీ చెప్పాడు. విరామంలో కాఫీ తాగుతూ అన్నాడు: “ఓడి దిగివుంటే ఏడ్చి ఊరుకునేవాళ్ళం. ఓడకుండానే దింపారు, అదే గొంతు దిగడం లేదు.”

ఆ మాట నాకు అనువాదం అక్కర్లేకుండా అర్థమైంది.

ఆయనకు ఋణం తీర్చుకోవాలని నేనూ ఒక కథ చెప్పాను. 1956 డిసెంబరు 1న ఇదే నగరంలోని ఒలింపిక్ పార్క్‌లో మన భారతజట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, వృత్తిరీత్యా బడిపంతులు. జట్టులో సికిందరాబాదు కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఉన్నాడు. ఆయన నమ్మలేదు. ఇంటికి వెళ్ళి వెతుక్కుని, మరునాటి రాత్రి గిడ్డంగిలో నాకు వంగి నమస్కారం పెట్టాడు.

పదోన్నతి ఎందుకు పెట్టరని అడిగితే పైవాళ్ళ జవాబు లెక్కలతో మొదలవుతుంది. పెర్త్‌నుంచి సిడ్నీకి మూడువేల మూడువందల కిలోమీటర్లు. న్యూజిలాండులోని వెల్లింగ్టన్ ఇదే లీగులో ఆడుతుంది. పెర్త్‌నుంచి అక్కడికి అయిదువేలు పైచిలుకు. ఆటగాళ్ళను విమానాలలో తిప్పడం, హోటళ్ళు, పూర్తికాలపు జీతాలు శనివారపు క్లబ్బుకు తలకు మించిన భారం. కోట్లు కుమ్మరించి అనుమతి కొన్న యజమాని ఒక్క చెడ్డ సంవత్సరంతో కిందికి దిగడానికి ఒప్పుకోడు. ఇవి బూటకపు కారణాలు కావు.

కానీ నన్ను ఆలోచింపజేసిన విషయం మరొకటుంది. ఏ-లీగ్‌లో ఎవరూ పడరన్నది నిజం కాదు. న్యూజిలాండ్ నైట్స్ 2007లో పోయింది. టౌన్స్‌విల్ జట్టు నార్త్ క్వీన్స్‌లాండ్ ఫ్యూరీ 2011లో, గోల్డ్ కోస్ట్ 2012లో పోయాయి. 2019లో చేరిన వెస్టర్న్ యునైటెడ్ 2022లో జాతీయ విజేత. డబ్బు చిక్కులతో 2025–26 సీజన్‌లో బరిలోకే దిగలేదు. అంటే పాములున్నాయి. గవ్వలు ఎలా పడ్డా సరే, వడ్డీలెక్క తప్పితే మింగేస్తాయి. లేనివల్లా నిచ్చెనలే. పైగా ఈ పాము మింగితే కింది గడిలో తేలడం లేదు, పటంనుంచే మాయమవడం. టౌన్స్‌విల్ క్లబ్బుకు దిగడానికొక మెట్టు ఉండివుంటే అది ఊపిరి పీల్చుకుని మళ్ళీ వచ్చేదేమో. పదావనతి శిక్షే కాదు, ఆశ్రయం కూడానని నేను నమ్ముతాను. ప్రెస్టన్‌ను చూడండి: 1993లో జాతీయ లీగునుంచి దిగింది, రాష్ట్రంలోని కింది డివిజన్లకు జారింది, ఏళ్ళతరబడి ఎగబాకి 2025లో విక్టోరియా అగ్రశ్రేణిలో నిలిచింది. జారినా పటంమీదనే ఉంది గనుక!

(మన దేశంలోనూ ఇదే నాటకం. ఐ-లీగు నెగ్గిన పంజాబ్ 2023లో, మహమ్మడన్ స్పోర్టింగ్ 2024లో పై లీగుకు ఎక్కాయి. 2022లో ఆ పై లీగునే గెలిచిన హైదరాబాద్ ఎఫ్.సి. 2025లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది.)

2014లో రెండు సంగతులు జరిగాయి. ఏ-లీగ్ జట్లూ రాష్ట్రాల జట్లూ కలిసి ఆడే కప్పుపోటీ ఒకటి మొదలైంది. ఇప్పుడు దానిపేరు ఆస్ట్రేలియా కప్. అదే ఏడు కొత్త క్లబ్బుల పేర్లలో, చిహ్నాలలో జాతిసూచనలు ఉండరాదని నియమం వచ్చింది. ఆ నియమాన్ని 2019లో ఎత్తివేశారు. కప్పు మాత్రం నిలిచింది. 2022లో సిడ్నీ యునైటెడ్ 58 తుదిపోరుకు చేరి మకార్థర్ చేతిలో ఓడింది. ఆనాడు గ్యాలరీలో కొందరు ఫాసిస్టు వందనాలు చేసి ఆ ఘనతకు మసిపూశారు. అది చెప్పకుండా దాటవేస్తే పాత క్లబ్బులపట్ల నా అభిమానం నిజాయితీ లేనిదవుతుంది. 2025లో హైడల్‌బర్గ్ యునైటెడ్ కూడా తుదిపోరుకు చేరి న్యూకాసిల్ జెట్స్‌కు తలవంచింది. పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ జట్లు ఏడాదికొక్కసారి తలుపు సందులోనుంచి తల పెట్టి చూస్తున్నాయన్నమాట.

2025 అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఆస్ట్రేలియన్ ఛాంపియన్‌షిప్ పేరుతో పదహారు జట్ల కొత్త పోటీ జరిగింది. సౌత్ మెల్‌బోర్న్, ప్రెస్టన్, మార్కోని, వొలొంగాంగ్ సహా ఎనిమిది వ్యవస్థాపక క్లబ్బులు. మిగిలిన ఎనిమిదీ రాష్ట్రాలనుంచి గెలిచి వచ్చినవి. ఇరవయ్యేళ్ళ తరువాత ఈ క్లబ్బులకు మళ్ళీ జాతీయస్థాయి పోటీ. గెలిచినవారికి ఏ-లీగ్ ప్రవేశం మాత్రం లేదు. రెండో అంతస్తు కట్టారు గానీ మెట్లు కట్టలేదని కొందరు పెదవి విరిచారు. నాకు అంత నిరాశ లేదు. అంతస్తు ఉంటేగదా మెట్లు వేయించమని అడిగేది.

పెద్దాయనకు ఇప్పుడు డెబ్బై దాటాయి. నేను గిడ్డంగి వదిలి, మరో పరీక్ష రాసి, మళ్ళీ పాఠాలు చెప్పుకుంటున్నాను. ఈ కొత్త పోటీ గురించి ఏమంటారని ఫోనులో అడిగితే, “మా నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. మనవడికి పదకొండు. వాడికి ఈ ఆట అర్థమవుతోంది,” అని ఊరుకున్నాడు. ఫిబ్రవరిలో రాష్ట్ర లీగు మొదలవుతుంది. మొదటి ఆటకు టిక్కెట్లు తానే కొంటానన్నాడు. నేను పులిహోర తెస్తానన్నాను. పోయినసారి మిరపకాయలు ఎక్కువయ్యాయని గుర్తుచేశాడు.