మిత్రుడు పోయాక మిగిలే పని

'మహాప్రస్థానం' చదివినవాళ్ళందరికీ కొంపెల్ల జనార్దనరావు పేరు తెలుసు. 1937లో చిన్న వయసులోనే పోయిన ఆ మిత్రుడికి శ్రీశ్రీ 1950లో అచ్చయిన తన పుస్తకాన్ని అంకితమిచ్చాడు. పదమూడేళ్ళు గడిచినా ఆ స్నేహానికి మొదటి చోటు ఇవ్వడం మామూలు మమకారం కాదు. ఆ అంకిత గీతం కంఠతా వచ్చినవాళ్ళు ఈనాటికీ ఎందరో ఉన్నారు. అయితే అదే పాఠకుణ్ణి పట్టుకుని కొంపెల్ల ఏం రాశాడని అడగండి. 'ఉదయిని' పత్రిక నడిపాడనే దాకా కొందరు చెప్పగలరు, ఆపైన చాలామంది తడుముకుంటారు. పోయినవాడి కోసం ఒక మహాకవి పడ్డ దుఃఖం మనకు దక్కింది కానీ, పోయినవాడు ఏం ఆలోచించాడో, ఎలా రాశాడో అంతగా దక్కలేదు. సృజన చేసే స్నేహితుడు పోయినప్పుడు మన మీద రెండు బాకీలు పడతాయి. ఒకటి మనిషికి, రెండోది అతని పనికి. మొదటిది కన్నీళ్ళతో, సంస్మరణ సభతో కొంతైనా తీరుతుంది. రెండోది తీరాలంటే ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి కూర్చుని పనిచెయ్యాలి. ఈ రెండో బాకీయే పెద్దదని నేను నమ్ముతాను.

దానికి నిదర్శనం అలిశెట్టి ప్రభాకర్. జగిత్యాల మనిషి, చిత్రకారుడు, ఫొటో స్టూడియో పెట్టుకుని బతికినవాడు. క్షయ వ్యాధితో 1993 జనవరి 12న నలభై నిండకుండానే హైదరాబాదులో కన్నుమూశాడు. ఆయన మినీ కవితలు 'సిటీ లైఫ్' పేరుతో ఏళ్ళపాటు ఆంధ్రజ్యోతిలో వచ్చాయి. నాలుగైదు పొట్టి పంక్తులు, ఒక దెబ్బ, అంతే. దినపత్రికలో వచ్చిన కవితకు ఆయుష్షు ఎంత? పొద్దున చదువుతాం, మర్నాటికి అది పాత పేపర్ల కట్టలోకి పోతుంది, నెల తిరిగేసరికి కిలోల లెక్కన అమ్ముడుపోతుంది. విడివిడిగా వచ్చిన చిన్న సంపుటాలు కూడా కొన్నాళ్ళకు దొరకవు. నిజాం వెంకటేశం తదితర మిత్రులు పూనుకుని 2013లో ఆయన కవితలన్నీ ఒక్క పుస్తకంగా తెచ్చారు. ఇరవై ఏళ్ళ తర్వాత, కవి బతికుండగా అక్షరాలు కూడా రాని పిల్లల చేతికి ఆ కవిత్వం చేరింది. వాళ్ళు ఆయన్ను తలుచుకోవడం వేరు, చదవడం వేరు. చదివినవాళ్ళు ఆయనతో వాదించగలరు, ఆయన్ను దాటి రాయగలరు. ఏ రచయితకైనా కావలసింది అదే కదా.

శ్రీశ్రీ ఆ గీతం రాయకపోతే కొంపెల్ల పేరైనా మిగిలేదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పేరు మిగలడం చిన్న సంగతి కాదు. ఆ పేరు పట్టుకునే రేపు ఎవరైనా పాత పత్రికలు తిరగేస్తారు. కానీ ఆ వెతికేవాడు వచ్చేసరికి కాగితం పొడి కాకుండా ఉండాలి. స్మృతి గీతం రాసిన కవిని నేను తప్పుపట్టడం లేదు, తన చేతనైనది ఆయన మహోన్నతంగా చేశాడు. గీతంతోనే బాకీ అంతా తీరిపోయిందనుకున్న సాహిత్య లోకానిదే లోపం.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది. స్నేహితుడికి ప్రేమ కళ్ళకు కమ్ముతుంది, మంచీ చెడూ తేల్చలేడు, ఆ పని పరిశోధకులకు వదిలెయ్యాలని కొందరంటారు. ఇందులో నిజముంది. తన జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో పోయాక కూడా చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి జంట పేరుతోనే రచనలు ప్రకటిస్తూ వచ్చారు. స్నేహంగా చూస్తే అది సాటిలేనిది. ఏ పద్యం ఎవరిదో తేల్చవలసినవాడికి మాత్రం చిక్కే. అయినా సేకరించడం వేరు, తూకం వెయ్యడం వేరు. మిత్రుడు ఏ మారుపేరుతో రాశాడు, ఏ పత్రికకు పంపాడు, ఏ చరణం కొట్టేసి మళ్ళీ రాశాడు, ఏ కవిత కోపంలో రాసి పక్కన పడేశాడు, ఇవన్నీ తెలిసింది స్నేహితుడికే. ఆ జ్ఞాపకం అతనితోనే పోతుంది. కాబట్టి పోగుచేసే పని స్నేహితుడిది, విలువ కట్టే పని రాబోయే పాఠకుడిది. పేలవమైన కవితను దాచెయ్యనక్కర్లేదు, తేదీ వేసి ఉంచితే చాలు. సగంలో ఆగిన రచనను సగమేనని చెప్పి అచ్చువెయ్యాలి, పూరించకూడదు. పోయినవాణ్ణి గొప్పవాణ్ణి చెయ్యాలన్న తాపత్రయం అతని పనికి మేలు చెయ్యదు.

మన సంస్మరణ సంచికలు చూడండి. ముందు సందేశాలు, తర్వాత మిత్రుల జ్ఞాపకాలు, చివర ఫొటోలు. పోయినవాడి సొంత రాతకు దక్కేది పది పేజీలే. ఆ నిష్పత్తి తిరగబడాలి. ప్రతి సభకూ ఒక కర్తవ్యం ఉండాలి. నోటు పుస్తకాలు ఎవరింట్లో ఉన్నాయి, ఉత్తరాలు ఎవరి దగ్గర ఉన్నాయి, హక్కుల గురించి కుటుంబంతో ఎవరు మాట్లాడతారు, స్కానింగు ఎవరు చేయిస్తారు అన్నది ఆ రోజే పేర్లతో సహా తేల్చుకుని లేవాలి. దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడే మనుషులు కలిసివస్తారు. ఏడాది దాటితే ఎవరి బతుకులు వాళ్ళవి. స్నేహితుడి మీద ప్రేమ ఉందని చెప్పుకోవడానికి అతను పోయిన వారమే తగిన సమయం కావచ్చు. దాన్ని నిరూపించుకోవడానికి మాత్రం ఆ తర్వాతి పదేళ్ళూ కావాలి.