దొంగ రౌటరు

కమ్మింగ్‌లో మనం ఆదివారం తరగతులకు అద్దెకు తీసుకునే భవనం మన ఒక్కరిదే కాదని మీకు తెలిసిందే. పక్క హాల్లో లెక్కల ట్యూషన్లు, మేడ మీద చిన్న చిన్న ఆఫీసులు. అందరికీ కలిపి ఇంటర్నెట్ ఒక్కటే.

పోయిన సంవత్సరం వరుసగా మూడు ఆదివారాలు సగం లాప్‌టాప్‌లకు నెట్ వచ్చేది, సగానికి వచ్చేది కాదు. గుణింతాలు దిద్దడానికి నెట్ ఎందుకంటారా? పెద్ద తరగతుల మౌఖిక పరీక్షలకు పరీక్షకులు వేరే ఊళ్ళ నుంచి వీడియోలోనే వస్తారు మరి!

మూడో వారానికి అనుమానం మన తొమ్మిదో తరగతి కుర్రాడి మీద పడింది. వాడి సంచీలో ఎప్పుడూ ఒక రాస్‌బెర్రీ పై ఉంటుంది. "ఆ అబ్బాయే ఏదో హ్యాక్ చేస్తున్నాడు" అన్నారు మేడ మీద ఆఫీసువారు. వాడిని మాన్పించండి, లేదా తరగతులకు వేరే చోటు చూసుకోండి అని భవనం వారి కబురు.

అలాంటివి జరగవని కాదు. దొంగలు నాసా వారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ నెట్‌వర్కులోకి చొరబడి, సుమారు 500 మెగాబైట్ల సమాచారం పట్టుకుపోయారని 2018 ఏప్రిల్‌లో బయటపడింది. అనుమతి లేకుండా తగిలించిన ఒక రాస్‌బెర్రీ పై వారికి దారి ఇచ్చిందని 2019లో నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక చెప్పింది. అంతమాత్రాన మనవాడు దొంగ అయిపోతాడా?

పిల్లలూ, ఇది మీకోసం. కంప్యూటరు నెట్‌వర్కులోకి రాగానే "నాకో చిరునామా ఇవ్వండి" అని అందరికీ వినబడేలా కేకేస్తుంది. ఇచ్చేది డీహెచ్‌సీపీ సర్వరు. ఈ పద్ధతి 1993లో వచ్చింది. తిరకాసేమిటంటే, ఆ కేకకు ఎవరైనా బదులివ్వవచ్చు, సాధారణంగా ముందు పలికినవాడి మాటే చెల్లుతుంది. పెళ్ళిలో విడిది ఎక్కడండీ అని అడిగితే, పెళ్ళివారికన్నా ముందు దారిన పోయే దానయ్య తోచింది చెప్పినట్టన్నమాట.

నెట్ రాని లాప్‌టాప్ తెరిచి చూశాను. భవనం చిరునామాలు 10తో మొదలవుతాయి, దీనికి 192.168తో మొదలయ్యేది వచ్చింది. ఇచ్చినవాడి మ్యాక్ అడ్రసు పట్టుకున్నాను. అందులో 12 అంకెలు, అక్షరాలు ఉంటాయి, మొదటి ఆరూ తయారుచేసిన కంపెనీని చెబుతాయి. అది ఇళ్ళలో వాడే రౌటర్ల కంపెనీ. ఆ సమయంలో కుర్రాడి సంచీ నా బల్ల మీదే ఉంది, రాస్‌బెర్రీ పై ఆపేసి ఉంది.

భవనం వారి అనుమతితో తీగల గదిలో స్విచ్ చూశాం. ఆ మ్యాక్ అడ్రసు 17వ పోర్టు నుంచి వస్తోంది. తీగలకు పేర్లు లేవు. నేను పింగ్ నడుపుతుంటే, భవనం మేనేజరూ కుర్రాడూ గది గదికీ వెళ్ళి గోడ ప్లగ్గులు ఒక్కొక్కటే తీశారు. "ఆగిందా అంకుల్?" అని ఫోను. పదకొండో ప్లగ్గుకు ఆగింది.

మేడ మీద ఆఫీసులోనే, బీరువా వెనకాల! అనుమానపడ్డ ఆఫీసే. వైఫై బాగా అందాలని ఎవరో ఇంటి నుంచి పాత రౌటరు తెచ్చి తగిలించారు. తీగ ఇంటర్నెట్ పోర్టులో పెట్టి ఉంటే అది తన గదికే చిరునామాలు ఇచ్చుకునేది. పక్కనున్న లాన్ పోర్టులో పెట్టారు. అది భవనమంతటికీ పంచింది.

తరువాత భవనం వారు స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టించారు. ఇప్పుడు అనుమతి లేని పోర్టు నుంచి చిరునామాలు వస్తే అక్కడే ఆగిపోతాయి. మరుసటి ఆదివారం పరీక్షలు సజావుగా జరిగాయి.

ఆఫీసువారు కుర్రాడి తల్లిదండ్రులకు ఫోన్ చేసి సారీ చెప్పారు. వాడితో మాత్రం ఇప్పటికీ ఒక్క ముక్క మాట్లాడలేదు. అది నాకు నచ్చలేదు.